60 గజాల లోపల: ఆన్‌లైన్ గోల్ఫ్‌లో పిచ్ షాట్ దూరం పట్టుకోవడం ఎలా?

(వీడియోలో మాట్లాడిన మాటల్ని చదువుకోవడానికి వీలుగా అక్కడక్కడా సర్ది ఇస్తున్నాం.)

పోయిన ఎపిసోడ్‌లో టీ దగ్గర డ్రైవర్‌తో కొట్టడం గురించి చెప్పుకున్నాం. ఆ తర్వాత మీరు పంపిన ప్రశ్నలన్నీ కూర్చుని చదివాను. సగానికి పైగా ఒకటే మాట. బంతి గ్రీన్ దగ్గరదాకా బాగానే వస్తోందండీ, అక్కణ్ణించే చెడుతోంది అని. ఒకసారి జెండా దాటిపోయి వెనకాల ఇసకలో పడుతుంది. ఆ భయంతో మళ్లీసారి మెల్లిగా కొడితే సగం దూరం కూడా పోదు. రెండు దెబ్బల్లో 350 గజాలు వచ్చినవాళ్లు మిగిలిన 40 గజాలకీ నాలుగు దెబ్బలు తీసుకుంటున్నారు. అందుకని ఇవాళ పిచ్ షాట్ ఒక్కటే చెప్పుకుందాం. వేరే సంగతులు పెట్టను.

ముందు కొలత గురించి ఒక మాట. ఈ గేముల్లో దూరాలన్నీ యార్డుల్లో ఉంటాయి, మాకు అర్థం కావట్లేదు అని కొంతమంది రాశారు. యార్డంటే ఏదో కొత్త కొలత కాదండీ, మన గజమే. 3 అడుగులు. కృష్ణా జిల్లాలో పుట్టినవాడికి గజం నేర్పక్కర్లేదు. మా పెదపారుపూడిలో గానీ గుడివాడలో గానీ ఇళ్ల స్థలం మాట వస్తే సెంటుకి 48.4 గజాలు అని లెక్క నోటికొచ్చేస్తుంది. కాకపోతే అది చదరపు గజం, వైశాల్యం. పొడవు కంటికి ఆనాలంటే క్రికెట్ పిచ్‌ని గుర్తుపెట్టుకోండి. వికెట్ నుంచి వికెట్‌కి 22 గజాలు. పొలాలు కొలిచే పాత సర్వే గొలుసు పొడవు కూడా అంతే, 66 అడుగులు. అంటే 60 గజాలు అని స్క్రీన్ మీద కనిపిస్తే మూడు క్రికెట్ పిచ్‌లు వరసగా పరిచినదానికి కాస్త తక్కువ అన్నమాట. ఇలా ఊహించుకుంటే అంకె అంకెలా ఉండదు, దూరంలా కనపడుతుంది.

పేరు దగ్గర కూడా గందరగోళం ఉంది. ఇక్కడ పిచ్ అంటే క్రికెట్ పిచ్ కాదు. బంతిని పైకి లేపి, గాల్లో ఎక్కువ దూరం నడిపించి, కింద పడ్డాక కొంచెమే దొర్లేలా కొట్టే పొట్టి దెబ్బ. చిప్ అంటే దీనికి ఉల్టా, గాల్లో కొంచెం, నేల మీద ఎక్కువ. ఫ్లాప్ అంటే దాదాపు నిట్టనిలువుగా లేచి పడ్డచోటే ఆగేది. చూడ్డానికి ఫ్లాప్ అందంగా ఉంటుంది గనక కొత్తవాళ్లంతా దాని వెనక పడతారు. నా సలహా అడిగితే ఒక ఆరు నెలలు ఆ బటన్ జోలికి పోకండి.

సరే, అసలు విషయానికొద్దాం. పిచ్ షాట్ దూరం తప్పడానికి నేను చూసినంతలో పెద్ద కారణం ఏంటంటే, అందరూ జెండాని చూసి కొడతారు. జెండా 50 గజాల్లో ఉంది, మీటర్ 50 దగ్గర ఆపుదాం అని. కానీ మీటర్ మీద రాసి ఉండేది సాధారణంగా బంతి గాల్లో ప్రయాణించే దూరం. పడ్డాక దొర్లేది దాని మీద అదనం. 50 కొడితే 50 దగ్గర పడి, ఇంకో ఆరేడు గజాలు దొర్లి, వెనక ఇసకలోకి పోతుంది. మీటర్ అబద్ధం చెప్పలేదు. మనం అడిగిన ప్రశ్నే వేరు.

ఊడుపుల రోజుల్లో గట్టు మీద నుంచి చేలోకి నారుకట్టలు విసిరేవాళ్లని చూశారా? నాట్లు వేసే ఆడవాళ్ల వీపు మీద పడకుండా, మరీ దూరంగా పడకుండా, వాళ్ల చేతికి అందే చోట పడాలి. విసిరేవాడు మనిషిని చూడడు, మనిషి పక్కన ఖాళీ బురదని చూస్తాడు. పైకి ఎత్తి విసిరితే కట్ట పడ్డచోటే బురదలో కూరుకుంటుంది. బల్లపరుపుగా విసిరితే నీళ్ల మీద జారుకుంటూ పోతుంది. పిచ్ షాట్ సరిగ్గా ఇదే. ముందు బంతి ఎక్కడ పడాలో ఆ చోటు ఎంచుకోవాలి. ఆ చోటుకి ఎన్ని గజాలో అదే మీ దూరం. జెండా దూరం కాదు.

ఇప్పుడు మీటర్. ఎక్కువ గేముల్లో పద్ధతి ఒకటే. ఒకసారి నొక్కితే గీత కదలడం మొదలవుతుంది, రెండోసారి బలం ఎంతో నిర్ణయిస్తాం, మూడోసారి వెనక్కొచ్చే గీతని మధ్య గుర్తు దగ్గర ఆపాలి. ఈ పద్ధతికి నలభై ఏళ్లు దాటాయండీ. 1984లో నింటెండో వాళ్లు గోల్ఫ్ అనే గేము తెచ్చారు. దానికి ప్రోగ్రామ్ రాసింది సతోరు ఇవాటా, తర్వాతి రోజుల్లో ఆ కంపెనీకే ప్రెసిడెంట్ అయినాయన. అంత చిన్న మెషీన్‌లో, గోల్ఫ్ కర్ర చేతిలో లేకుండా, బలాన్నీ గురినీ ఒక్క గీతలో పెట్టాడు. తర్వాత వచ్చినవాళ్లు చాలామంది ఆ గీతనే పట్టుకున్నారు. 2008లో మొదలైన వరల్డ్ గోల్ఫ్ టూర్ లాంటి ఆన్‌లైన్ గేములు నిజమైన కోర్సుల ఫొటోలు తెచ్చి పెట్టాయి గానీ, కింద మీటర్ మాత్రం ఆ వంశంలోదే.

ఈ మీటర్‌లో ఒక లెక్క ఉంది. ఇది అర్థమైతే సగం సమస్య తీరిపోతుంది. కొంచెం ఓపిక పట్టి వినండి.

ఉదాహరణకి గీత సున్నా నుంచి చివరిదాకా పోవడానికి ఒకటిన్నర సెకను పడుతుందనుకోండి. స్క్రీన్ సెకనుకి 60 బొమ్మలు చూపిస్తుంది, వాటినే ఫ్రేములంటారు. అంటే ఈ చివరి నుంచి ఆ చివరికి 90 ఫ్రేములు. మీరు పూర్తి స్వింగ్ ఎంచుకున్నారు, ఆ వెడ్జ్ పూర్తి దూరం 90 గజాలు. అప్పుడు ఒక్కో ఫ్రేముకి ఒక గజం. మన వేలు రెండు ఫ్రేములు ముందో వెనకో పడితే రెండు గజాల తేడా. ఇప్పుడు అదే వెడ్జ్‌తో పిచ్ బటన్ నొక్కారు. మీటర్ చివర 90 బదులు 45 అని మారింది. గీత వేగం అదే, ఫ్రేములు అవే 90. కానీ ఒక్కో ఫ్రేముకి ఇప్పుడు అర గజమే. అదే చేత్తో, అదే ఆలస్యంతో తప్పినా తేడా ఒక గజానికి దిగిపోయింది. మన గురి ఏమీ పెరగలేదు. మనం చేసిన తప్పుకి పడే జరిమానా సగమైంది.

అందుకని 40 గజాలు కొట్టాలంటే 90 గజాల స్వింగ్‌ని సగానికి తక్కువ దగ్గర ఆపొద్దు. 45 గజాల పిచ్‌ని 40 దగ్గర ఆపండి. ఇంకో లాభం కూడా ఉంది. కంటికి కనపడినదానికి వేలు స్పందించడానికి మనిషికి సుమారు పావు సెకను పడుతుంది. మీటర్ మొదటి పావు భాగం అయిపోవడానికి పట్టేది సెకనులో మూడో వంతుకి కాస్త ఎక్కువ. అంటే గీత కదిలిందని గమనించి, ఆగాల్సిన చోటు చూసి, నొక్కేలోపు అది దాటిపోతుంది. మీటర్ పైభాగంలో అయితే గీతతో పాటు కన్ను నడిచే టైముంటుంది. అలాగని చివరంటా పోవద్దు, చివర దాటితే కొన్ని గేముల్లో బంతి పక్కకి పోతుంది. నూటికి 80 నుంచి 95 మధ్య ఆగేలా కర్రని, షాట్ రకాన్ని ఎంచుకోవడమే పని. బలం సర్దడం ఆఖరి పని. కర్ర ఎంచుకోవడం మొదటి పని.

కర్రలంటే ఇక్కడ వెడ్జ్‌లు. ముఖం ఎంత వెనక్కి వాలి ఉందో డిగ్రీల్లో చెప్తారు. పిచింగ్ వెడ్జ్ సుమారు 46 డిగ్రీలు, గ్యాప్ వెడ్జ్ 50, 52 దగ్గర, శాండ్ వెడ్జ్ 54, 56, లాబ్ వెడ్జ్ 58, 60. అంకె పెరిగేకొద్దీ బంతి పైకి లేస్తుంది, దూరం తగ్గుతుంది, దొర్లడమూ తగ్గుతుంది. నాలుగు వెడ్జ్‌లు, ఒక్కోదానికీ పిచ్‌లో ఒక్కో పూర్తి దూరం. ఈ నాలుగు అంకెలూ మీకు నిద్రలో లేపి అడిగినా తెలియాలి.

నిజమైన గోల్ఫ్‌లో కూడా ఇదే చేస్తారు. డేవ్ పెల్జ్ అని నాసాలో పనిచేసి బయటికొచ్చిన శాస్త్రవేత్త ఉండేవాడు, పొట్టి దెబ్బలకి పెద్ద గురువు. ఆయన పద్ధతి ఏంటంటే, ఎడమ చేతిని గడియారం ముల్లు అనుకో. ఏడున్నర దగ్గర ఒకటి, తొమ్మిది దగ్గర ఒకటి, పదిన్నర దగ్గర ఒకటి, మూడే స్వింగులు. నాలుగు వెడ్జ్‌లతో కలిపితే 12 దూరాలు. ప్రతిసారీ బలం అంచనా వెయ్యక్కర్లేదు, పన్నెండిట్లో దగ్గరిది తియ్యి, కొట్టు. మనవాళ్లలో సాహిత్ తీగల ఆట టీవీలో వస్తే చూడండి. తల్లిదండ్రులు హైదరాబాద్ నుంచి వెళ్లినవాళ్లు, కాలిఫోర్నియాలో పెరిగాడు, 2023 సెప్టెంబర్‌లో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. గ్రీన్ చుట్టూ అతను ఏం చేస్తాడో చూడండి. బంతి దగ్గర నిలబడి జెండా వైపు కాకుండా గ్రీన్ మీద ఏదో ఖాళీ చోటు వైపు చూస్తుంటారు ఈ ఆటగాళ్లు. ఆ చోటే నేను చెప్పిన నారుకట్ట పడే చోటు.

ఇక్కడ ఒక మాస్టారి సంగతి చెప్పాలి. మా ఊరి పక్కనే ఉంటారు, రిటైరై చాలా ఏళ్లయింది. పేరు చెప్పొద్దన్నారు. ఆదివారం పొద్దున ఆయన, అక్కడ శనివారం రాత్రి అమెరికాలో మనవడు, ఇద్దరూ కలిసి తొమ్మిది హోల్స్ ఆడతారు. మనవడికి తెలుగు అర్థమవుతుంది గానీ మాటలు తక్కువ. ఉత్త ఫోన్ అయితే "బాగున్నావా నాన్నా", "బాగున్నా తాతయ్యా", అంతే, ఫోన్ మామ్మగారి చేతికి పోతుంది. ఆట ఉంటే గంట, గంటన్నర ఇద్దరి మాటలూ ఆగవు. ఈ మధ్య కుర్రాడు "తాతయ్యా, ఇవాళ మూడు హోల్స్ చాలు" అంటున్నాడట. తేడా మరీ ఎక్కువైపోతే ఆడేవాడికి విసుగే కదండీ, పిల్లాడి తప్పేం లేదు. మాస్టారికి మాత్రం అది మనసులో పెట్టుకున్నారు. "నా వేలు ఆలస్యమండీ, వయసు. మీటర్ నెమ్మదిగా కదిలే బంతులు అమ్ముతున్నారు, కొననా?" అని అడిగారు.

నేను ఇప్పుడే కొనొద్దు అన్నాను. ఎందుకో చెప్తాను, ఎందుకంటే ఇది మాస్టారి ఒక్కరి ప్రశ్న కాదు.

ముందు ఒక నోటుబుక్కు పెట్టమన్నాను. ఒంటరిగా ఆడే రౌండులో, చదునైన చోట, గాలి తక్కువున్నప్పుడు, ఒకే వెడ్జ్ పిచ్‌తో 40 దగ్గర ఆపుదామని పది బంతులు కొట్టండి, ఒక్కోటి గాల్లో ఎంత పోయి పడిందో రాయండి అన్నాను. ఆయన రాసిన అంకెలు: 43, 42, 44, 43, 41, 43, 44, 42, 43, 42. సగటు 42.7. ఒక్కటి కూడా 40 దగ్గర లేదు. ఆయన ఇది చూపించి, చూశారా, పనికిరాను అన్నారు.

అదే రోజు ఇంకో కుర్రాడితో, మంచి చురుకైన వేలున్నవాడితో కొట్టించాను. 36, 44, 40, 38, 43, 37, 45, 40, 39, 41. సగటు 40.3. పైకి చూస్తే వీడే గొప్ప. కానీ రెండు వరసలూ పక్కపక్కన పెట్టి చూడండి. కుర్రాడి బంతులు 36 నుంచి 45 దాకా చెదిరాయి, తొమ్మిది గజాలు. మాస్టారివి 41 నుంచి 44, మూడే గజాలు. ఆయన వేలు ఆలస్యమే, కానీ ప్రతిసారీ ఒకేలా ఆలస్యం. ఒకేలా ఉన్న ఆలస్యం తప్పు కాదండీ, తీసివేత. 40 కావాలంటే 37 దగ్గర ఆపుదామనుకుని నొక్కాలి, బంతి 40కి పోతుంది. కుర్రాడికి అలా చెప్పడానికి వీల్లేదు. ఏ అంకె చెప్పినా వాడి బంతి అటూ ఇటూ పోతుంది. వాడు చెయ్యాల్సింది ఇంకా ప్రాక్టీసే.

గడియారం రోజూ అయిదు నిమిషాలు ముందుంటే మనకి టైము తెలిసినట్టే. రోజుకోలా ఉంటేనే ఇబ్బంది.

కాబట్టి మీ పది అంకెలు రాసుకోండి. సగటు, మీరు అనుకున్న అంకెకి ఎంత దూరంలో ఉందో అది మీ తీసివేత. అన్నిటికంటే చిన్న అంకెకీ పెద్ద అంకెకీ మధ్య ఎంతుందో అది మీ చెదురు. తీసివేత ఎంతున్నా బాధపడొద్దు. చెదురు తగ్గించడమే సాధన. మీటర్ నెమ్మదైన బంతి కొంటే చెదురు కొంత తగ్గొచ్చు, నిజమే. కానీ మీ అంకెలు తెలియకుండా కొంటే దేనికి డబ్బు పెట్టారో కూడా తెలియదు. పైగా ఆ బంతులు అరిగిపోతాయి, పోతాయి, మళ్లీ కొనాలి. మామ్మగారు ఊరుకోరు.

మీటర్ అప్పుడప్పుడు తడబడి గెంతితే అది వేలు తప్పు కాదు, కంప్యూటర్ మోయలేక చేసేది. మిగతా కిటికీలన్నీ మూసెయ్యండి, గ్రాఫిక్స్ ఒక మెట్టు తగ్గించండి. అందమైన చెట్లకంటే నునుపుగా కదిలే గీత ముఖ్యం.

ఇప్పుడు దొర్లడం. ఎంత దొర్లుతుందో చెప్పేది ప్రధానంగా గ్రీన్ వేగం. గేములో గ్రీన్ స్పీడ్ అని ఒక అంకె ఉంటుంది. అది ఎక్కణ్ణించి వచ్చిందంటే, 1935లో అమెరికాలో ఓక్‌మాంట్ అనే కోర్సులో యూఎస్ ఓపెన్ జరిగింది. ఎడ్వర్డ్ స్టింప్సన్ అనే ఆటగాడు చూడ్డానికి వెళ్లి, గ్రీన్లు ఇంత జారుడుగా ఉన్నాయని ఉత్తినే అంటే ఎవరొప్పుకుంటారు, కొలిచి చెప్పాలి అని ఒక వాలు పట్టీ తయారుచేశాడు. గాడిలో బంతి పెట్టి పట్టీ ఒక చివర మెల్లిగా ఎత్తితే, ఒక స్థిరమైన వాలు దగ్గర బంతి దానంతటదే జారి గ్రీన్ మీద దొర్లుతుంది. ఎన్ని అడుగులు దొర్లితే అది ఆ గ్రీన్ వేగం. 8 అంటే నెమ్మది, 12 అంటే చాలా జారుడు. 8 గ్రీన్ మీద పిచ్ 4 గజాలు దొర్లితే 12 మీద ఆరో ఏడో దొర్లుతుందని లెక్కేసుకుని మొదలెట్టండి. మీ గేములో కచ్చితంగా ఎంతో మీ నోటుబుక్కే చెప్పాలి. గ్రీన్ ఎగువకి వాలితే తగ్గించండి, దిగువకి వాలితే పెంచండి. గ్రీన్ వాలు చూపించే గళ్లు ఉంటాయి కదా, వాటిని పట్టింగ్ అప్పుడే కాదు, పిచ్ కొట్టేముందు కూడా చూడాలి. ఇది చాలామంది చెయ్యరు.

ఎత్తుపల్లాల దగ్గర మన డెల్టావాళ్లకి సహజంగానే ఇబ్బంది. గుడివాడ నుంచి బందరు దాకా సైకిల్ తొక్కినా కాలవల మీద వంతెనలు తప్ప మిట్టనేది తగలదు. కంటికి ఆ అలవాటు లేదు. స్క్రీన్ మీద జెండా 12 అడుగుల కింద ఉందని రాసి ఉన్నా మనసులో పడదు. లెక్క తేలికే: అడుగుల్ని 3తో భాగించండి, గజాలొస్తాయి. 12 అడుగుల దిగువకి 4 గజాలు తగ్గించాలి, ఎగువకి 4 కలపాలి. బంతి 45 డిగ్రీల వాలులో కిందికి దిగుతున్నప్పుడు ఈ లెక్క సరిగ్గా సరిపోతుంది. ఎక్కువ వాలున్న వెడ్జ్‌తో ఇంకా నిటారుగా దిగుతుంది గనక 4 బదులు 3 తీసుకున్నా తప్పులేదు.

బంతి ఎక్కడ కూర్చుందో కూడా చూడాలి. కొన్ని గేముల్లో గడ్డిలో ఉంటే 80 నుంచి 90 శాతం అని చూపిస్తుంది. అంటే మీరు కొట్టిన బలంలో అంతే బంతికి అందుతుంది. మధ్యది, 85 తీసుకోండి. 40 గజాలు పోవాలంటే 40ని 0.85తో భాగిస్తే 47. కానీ ఇక్కడ ఇంకో మెలిక ఉంది. 47 కొట్టినప్పుడు గేము 80 ఇస్తే బంతి 37.6 గజాలు పోతుంది, 90 ఇస్తే 42.3 పోతుంది. దాదాపు అయిదు గజాల తేడా మీ చేతిలో లేదు, మీ చెదురు దీనికి అదనం. కాబట్టి గడ్డిలోంచి కొట్టేటప్పుడు జెండా ముందు ఇసక గానీ నీళ్లు గానీ ఉంటే జెండాకి గురిపెట్టకండి, గ్రీన్ మధ్యకి కొట్టండి. పైగా గడ్డిలోంచి వచ్చే బంతికి తిరుగుడు తక్కువ, పడ్డాక ఇంకాస్త దొర్లుతుంది.

గాలి సంగతి ఇవాళ రెండు ముక్కల్లో వదిలేస్తాను. 40 గజాల పిచ్ గాల్లో ఉండేది కొద్దిసేపే గనక పూర్తి స్వింగ్ మీద పడినంత ప్రభావం దీని మీద పడదు. గాలి గట్టిగా ఉంటే లాబ్ వెడ్జ్ లోపల పెట్టి, తక్కువ ఎత్తు లేచే కర్ర తియ్యండి. స్పిన్ బటన్ అయితే ప్రస్తుతానికి మధ్యలోనే ఉంచండి. ఒకేసారి రెండు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

ఇప్పుడివన్నీ కలిపి ఒక దెబ్బ కొడదాం. [స్క్రీన్ మీద హోల్ చూపిస్తూ] ఇదిగోండి, జెండా 52 గజాలు. గ్రీన్ ముందంచు 40 గజాల్లో ఉంది, దాని ముందు ఇసక. బంతి ఫెయిర్‌వే మీద చక్కగా ఉంది, వంద శాతం. గ్రీన్ 6 అడుగుల కింద ఉంది. ఈ గ్రీన్ మీద గ్యాప్ వెడ్జ్ పిచ్ 7 గజాలు దొర్లుతుందని నా నోటుబుక్కులో ఉంది. 52లోంచి 7 పోతే 45. బంతి 45 దగ్గర పడాలి. 40కి ముందంచు గనక అయిదు గజాలు లోపలికి పడుతుంది. నా చెదురు అటూ ఇటూ రెండు గజాలు, కాబట్టి ఇసక భయం లేదు. 6 అడుగుల దిగువకి 2 గజాలు తీస్తే 43. నా వేలు ఆలస్యానికి ఇంకొకటి తీస్తే 42. గ్యాప్ వెడ్జ్ పిచ్ పూర్తి దూరం నా దగ్గర 50. 42 అంటే నూటికి 84 దగ్గర. మీటర్‌లో మంచి చోటే. ఇదే దెబ్బని 100 గజాల పూర్తి స్వింగ్‌తో కొట్టుంటే 42 దగ్గర, సగం కూడా రాకుండా ఆపాల్సొచ్చేది.

[షాట్ తర్వాత] చూశారా, జెండాకి నాలుగడుగులు పొట్టిగా ఆగింది. గుంట వెడల్పు నాలుగుంపావు అంగుళాలే, లోపలికి పోవాలని ఆశపడక్కర్లేదు. నాలుగడుగుల పట్ అంటే రోజూ పెట్టేదే.

ఈ లెక్కంతా ప్రతి దెబ్బకీ చెయ్యాలా అంటే, మొదట్లో చెయ్యాలి. కాగితం మీద ఒక పట్టిక గీసుకోండి: నిలువుగా నాలుగు వెడ్జ్‌లు, అడ్డంగా పిచ్ పూర్తి దూరం, మీ తీసివేత, మీ చెదురు, మామూలు గ్రీన్ మీద దొర్లేది. కంప్యూటర్ పక్కనే గోడకి అంటించండి. మాస్టారు అట్టముక్క మీద రాసి, బియ్యం సంచీ కుట్టే దారంతో మానిటర్‌కి వేలాడదీశారు. ఈ నెల రోజుల్లో ఆయన డ్రైవర్ ఏమీ మారలేదు, ఇప్పటికీ మనవడి కంటే 50 గజాలు వెనకే పడుతుంది. కానీ గ్రీన్ దగ్గర రెండు దెబ్బల్లో ముగిస్తున్నారు. కుర్రాడు "తాతయ్యా, నువ్వు ఏదో చూసి కొడుతున్నావు, ఏంటది?" అని అడిగాడట. చెప్పలేదంట. ఇంకో రెండు వారాలు చెప్పనన్నారు.

ఫోన్‌లో ఆడేవాళ్ల కోసం ఒక మాట. గోల్ఫ్ క్లాష్ లాంటి వాటిలో వేలితో వెనక్కి లాగి, ముల్లు మధ్యకొచ్చినప్పుడు వదలాలి, మీటర్ ఉండదు. అక్కడ కూడా పడే చోటు ఎంచుకోవడం, ఎత్తుపల్లం లెక్క, గడ్డి శాతం, ఇవన్నీ మారవు. వేలి లెక్క మాత్రం వేరు. లాగేటప్పుడు బొటనవేలు స్క్రీన్‌ని కప్పేస్తుంది గనక గురి కనపడదు. చూపుడువేలితో ఆడి చూడండి. చెయ్యి చెమటపట్టి ఉంటే వేలు తడబడుతుంది, మన బందరు వైపు ఉక్కలో ఇది పెద్ద సమస్యే, పక్కన తుండుగుడ్డ పెట్టుకోండి.

మీ పది అంకెలూ రాసి పంపండి, ఏ వెడ్జో, మీటర్ ఎక్కడ ఆపుదామనుకున్నారో కూడా రాయండి. కొన్నిటిని తీసుకుని వచ్చే ఎపిసోడ్ మొదట్లో చూద్దాం. ఆ తర్వాత ఇసకలోంచి కొట్టడం మొదలెడదాం. అక్కడ బంతిని కాదు, బంతి వెనకాల ఇసకని కొట్టాలి, అందుకని ఇవాళ చెప్పిన శాతాల లెక్క అక్కడ మళ్లీ పనికొస్తుంది. ఉంటానండీ, నమస్కారం.